ముందు గుర్తు చూడండి, నంబర్లు తర్వాత

ఎక్స్² − 5ఎక్స్ − 24 కి కారణాంకాలు రాయాలంటే ఆ రెండు నంబర్లు ఎలా దొరుకుతాయి, ఊహిస్తూ కూర్చుంటే టైమంతా అయిపోతోంది అన్నారు కదా. తొమ్మిదో క్లాసులో నాదీ ఇదే బాధండి, 5 కనపడగానే 2, 3 అనేసుకునేదాన్ని, కుదరకపోతే 4, 6 పెట్టి చూసేదాన్ని, పేజీ నిండిపోయేది గానీ లెక్క తేలేది కాదు.

నాకు దారి దొరికింది గుర్తు దగ్గర. చివరి నంబరుకి మైనస్ ఉందంటే మనకి కావాల్సిన రెండిట్లో ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అన్నమాట, అంటే వెతకాల్సింది కూడితే 5 వచ్చే జత కాదు, తేడా 5 వచ్చే జత. ఇంక ఊహలెందుకు, గుణిస్తే 24 వచ్చే జతలు వరసగా రాసేయండి, 1-24, 2-12, 3-8, 4-6, ఉన్నవే నాలుగు. తేడా 5 ఉన్నది 3-8 ఒక్కటే. మధ్యలో −5 ఉంది కాబట్టి మైనస్ పెద్దదానికి, (ఎక్స్ − 8)(ఎక్స్ + 3). చివర ప్లస్ ఉంటే మాత్రం రెండిటికీ మధ్య పదం గుర్తే, అప్పుడు కూడి చూడాలి.

ఎక్స్² ముందు నంబరుంటే ఇంకొంచెం పని. 6ఎక్స్² + 7ఎక్స్ − 3 తీసుకోండి, మొదటిదీ చివరిదీ గుణిస్తే −18, తేడా 7 వచ్చేది 9-2, సో 6ఎక్స్² + 9ఎక్స్ − 2ఎక్స్ − 3. మొదటి రెండిట్లోంచి 3ఎక్స్(2ఎక్స్ + 3) వస్తుంది. నాకు మార్కులు పోయింది ఎప్పుడూ దీని తర్వాతి స్టెప్పులోనే, −2ఎక్స్ − 3 లోంచి మైనస్ బయటికి తీసి లోపల 2ఎక్స్ − 3 అని రాసేసేదాన్ని. మైనస్ బయటికొస్తే లోపల గుర్తులు రెండూ మారాలి, −1(2ఎక్స్ + 3). బ్రాకెట్లు రెండూ ఒకేలా రాలేదంటే ముందుకి వెళ్ళకండి, తప్పు ఆ పైనే ఎక్కడో ఉంటుంది. ఆన్సర్ (2ఎక్స్ + 3)(3ఎక్స్ − 1).

అసలు ఏ జతా కుదరకపోతే? ఎక్స్² + 5ఎక్స్ + 3 లాంటివి అంతే, బీ² − 4ఏసీ (ఏ అంటే ఎక్స్² ముందున్న నంబరు, బీ ఎక్స్ ముందున్నది, సీ చివరిది) వేస్తే 25 − 12 = 13, అది పర్ఫెక్ట్ స్క్వేర్ కాదు, కాబట్టి పూర్ణ సంఖ్యలతో విడిపోదు, ఎంత వెతికినా దొరకదు. మీ లెక్కకీ, పైన నేను చేసినదానికీ వేసి చూడండి, రెండిటికీ 121 వస్తుంది, 11 స్క్వేర్.