గడువు లేని అధికారాలు

ప్రశ్న: జార్జ్ ఆర్వెల్ ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’, మార్గరెట్ అట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ వంటి డిస్టోపియన్ నవలలను, అంటే పీడకల లాంటి అణచివేత రాజ్యాన్ని ఊహించి రాసిన నవలలను, ఈ మధ్య వరుసగా చదివాను. ఇవి లేని ప్రమాదాన్ని భూతద్దంలో చూపి ప్రభుత్వమంటేనే భయం పుట్టిస్తాయని, టీకాలు వేయించేదీ బడులు నడిపేదీ ఆ ప్రభుత్వమేనని నా మిత్రుడొకరు వాదిస్తున్నారు. వీటిని నిజంగా హెచ్చరికలుగా తీసుకోవచ్చా? — ఒక పాఠకురాలు

జవాబు: మీ మిత్రుని మాటలో కొంత నిజముంది. అధికారం చేతిలో లేని ప్రభుత్వం పన్నులు వసూలు చేయలేదు, న్యాయస్థానాల తీర్పులను అమలు చేయలేదు, అంటువ్యాధిని అదుపు చేయలేదు. అయితే మీరు పేర్కొన్న నవలల్లో ఏదీ ప్రభుత్వమే ఉండరాదని వాదించదు. ప్రజలు ఒకసారి అప్పగించిన అధికారాన్ని మళ్లీ వెనక్కు తీసుకునే దారి మిగిలి ఉందా అన్నదే వాటి ప్రశ్న, దానికి కాలదోషం పట్టిందని నేను అనుకోను.

ఈ నవలలను జోస్యాలుగా చదవడం వల్లనే అవి అతిశయోక్తులుగా తోస్తాయని నా అభిప్రాయం. నిజానికి వాటి ముడిసరుకు చాలావరకు అప్పటికే జరిగిన చరిత్ర. మానవులు ఎక్కడో ఒకచోట ఇదివరకే చేయని పనిని తన నవలలో చేర్చరాదన్న నియమం పెట్టుకున్నానని అట్‌వుడ్ స్వయంగా చెప్పారు. రష్యన్ రచయిత యెవ్‌గెనీ జమ్యాతిన్ 1920-21లో రాసిన ‘మేము’ నవల రష్యా విప్లవం జరిగిన కొద్ది ఏళ్లకే పుట్టింది. సోవియట్ ప్రభుత్వం దాన్ని అచ్చు కానివ్వలేదు. 1924లో న్యూయార్క్‌లో ఆంగ్లానువాదంగా వెలువడింది, స్వదేశంలో 1988 దాకా వెలుగు చూడలేదు. అందులో మనుషులకు పేర్లకు బదులు సంఖ్యలుంటాయి, ఇళ్ల గోడలు గాజువి, అనుమతి ఉన్న సమయంలో మాత్రమే తెర దించుకోవచ్చు. నన్ను మరింత కలవరపెట్టింది అక్కడి ఎన్నిక. ఏటా ఒక రోజున అందరూ ఒకచోట చేరి, బహిరంగంగా చేతులెత్తి, ఉన్న పాలకుణ్నే మళ్లీ ఎన్నుకుంటారు. రహస్యంగా ఓటు వేసిన పూర్వకాలపువారు కథకుని కళ్లకు దొంగల్లా కనిపిస్తారు. ఎన్నికను రద్దు చేయనవసరం లేకుండానే దాని ప్రాణం తీయవచ్చునని జమ్యాతిన్ అంత ముందుగా గ్రహించాడు.

ఆర్వెల్ నవల 1949 జూన్‌లో వెలువడింది. దాని పేరెత్తగానే చాలామందికి గోడ మీది నుంచి నిత్యం కనిపెట్టి చూసే తెర గుర్తుకు వస్తుంది. నా దృష్టిలో అంతకన్నా లోతైన హెచ్చరిక కథానాయకుడు విన్‌స్టన్ చేసే ఉద్యోగంలో ఉంది. పాలకులు ఈరోజు చెప్పేదానికి అనుగుణంగా పాత వార్తాపత్రికలను దిద్ది, దిద్దిన ఆనవాలు లేకుండా చేయడమే అతని పని. ఇదీ ఊహ మాత్రమే అనలేము. ఒక ఛాయాచిత్రంలో స్టాలిన్ పక్కన నడుస్తున్న రహస్య పోలీసు అధిపతి యెజోవ్‌ను, 1940లో అతనికి మరణశిక్ష అమలైన తరువాత, ఆ ఛాయాచిత్రంలోంచి తుడిచివేశారు. 1953లో మరో రహస్య పోలీసు అధిపతి బేరియా పతనమయ్యాక, సోవియట్ విజ్ఞాన సర్వస్వం చందాదారులకు ఆయన గురించిన పుటలను కత్తిరించి వాటి స్థానంలో అతికించుకోవడానికి బేరింగ్ సముద్రం తదితర అంశాల పుటలు పంపించారు. పాత మాటకు రుజువు మిగలనప్పుడు పాలకుణ్ని మాట తప్పావని నిలదీయడానికి పౌరుని చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

ఈ నవలలకు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచడం సరికాదు. కథ మొదలయ్యేసరికే నియంతృత్వం సంపూర్ణమై ఉండటంతో, పాఠకుడు తన కాలాన్ని ఆ చివరి దశతో పోల్చి చూసుకుని, మనకింకా అంత దుస్థితి రాలేదని తృప్తి పడి పుస్తకం మూసే ప్రమాదం ఉంది. అందుకే పాత్రలు గతాన్ని తలచుకునే పుటలను రెండోసారి చదవమని కోరుతాను. అట్‌వుడ్ నవలలో దేశాధ్యక్షుణ్ని, చట్టసభ సభ్యులను కాల్చి చంపుతారు. నెపం తీవ్రవాదుల మీద పడుతుంది. అప్పుడు సైన్యం అత్యవసర పరిస్థితి ప్రకటిస్తుంది, తాత్కాలికమని చెప్పి రాజ్యాంగాన్ని పక్కన పెడతారు. వీధుల్లో అల్లర్లు కూడా జరగలేదని, జనం ఇళ్లలో కూర్చుని టీవీ చూస్తూ ఉండిపోయారని కథకురాలు గుర్తు చేసుకుంటుంది. ఆ తరువాత ఒక రోజున స్త్రీల బ్యాంకు ఖాతాలన్నీ స్తంభించిపోతాయి.

దీనికి మూలరూపం చరిత్రలో కనిపిస్తుంది. 1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లోని జర్మనీ పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే వెలువడిన అత్యవసర ఆజ్ఞ భావప్రకటన, పత్రికలు, సమావేశాలు, ఉత్తరాల గోప్యతకు సంబంధించిన హక్కులను నిలిపివేసింది. అది రాజ్యాంగంలోని 48వ అధికరణం కిందనే, అధ్యక్షుని సంతకంతో, చట్టబద్ధంగా వచ్చింది. ‘తదుపరి ఉత్తర్వుల వరకు’ అని అందులో ఉన్నది. ఆ తదుపరి ఉత్తర్వు 1945లో నాజీ పాలన కూలిపోయే వరకూ రాలేదు.

ప్రజాస్వామ్యాల్లో ఇంత దూరం వెళ్లదని మీ మిత్రుడు అనవచ్చు. ఆయన అమెరికా ఉదాహరణను పరిశీలించాలి. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత 45 రోజులకే, అక్టోబరు 26న, ప్రభుత్వ నిఘా అధికారాలను పెంచిన పేట్రియాట్ చట్టం అమల్లోకి వచ్చింది. అందులోని 215వ సెక్షన్‌ను ఆధారం చేసుకుని ప్రభుత్వం కోట్లాది సామాన్యుల ఫోన్ కాల్ వివరాలను మూకుమ్మడిగా సేకరిస్తున్నదని 2013 జూన్‌లో అమెరికా నిఘా సంస్థకు పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల వల్ల లోకానికి తెలిసింది. పత్రికలు రాశాయి, అప్పీలు కోర్టు ఆ సేకరణ చట్టవిరుద్ధమని చెప్పింది, 2015లో చట్టసభ దాన్ని ఆపింది. నవలల్లోని రాజ్యానికీ ఈ రాజ్యానికీ తేడా పాలకుల మంచితనంలో లేదు. కాదని చెప్పగల పత్రిక, న్యాయస్థానం, చట్టసభ ఇక్కడ ఇంకా నిలిచి ఉండటంలో ఉంది. అవి కూడా మేలుకొనేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

ప్రశ్న: పదహారేళ్ల విద్యార్థులకు వీటిలో ఏది ముందుగా ఇవ్వాలి? — ఒక ఉపాధ్యాయుడు

జవాబు: రే బ్రాడ్‌బరీ 1953లో ప్రచురించిన ‘ఫారెన్‌హీట్ 451’తో మొదలుపెట్టండి. నిడివి తక్కువ, కథ వేగంగా సాగుతుంది. అందులో అగ్నిమాపక దళం పని పుస్తకాలను తగలబెట్టడం. పుస్తకాల దహనం ప్రభుత్వ ఆజ్ఞతో మొదలు కాలేదని, అంతకుముందే జనం చదవడం మానుకున్నారని అగ్నిమాపక దళాధిపతి బీటీ చెప్పే సంభాషణను తరగతిలో బిగ్గరగా చదివించండి. ఆ మాట అబద్ధమా, నిజమా, అధికారి తనను తాను సమర్థించుకోవడమా అన్నదాని మీద పిల్లలను వాదించుకోనివ్వండి. ఆర్వెల్ నవల చివరి భాగంలో చిత్రహింస చాలా కఠినంగా ఉంటుంది కనుక, దాన్ని మరో ఏడాది ఆగి ఇవ్వడం మంచిది. అప్పుడు కథాసారాంశం రాయించే బదులు, అందులోని పాలకులు తీసుకునే ఒక్కొక్క అధికారానికి గడువు ఉన్నదా, దాని మీద ఎవరికి ఫిర్యాదు చేసుకోవచ్చు, ఆ అధికారపు లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి అన్న ప్రశ్నలిచ్చి, వారి చేతనే జవాబులు వెతికించండి.