యెరూషలేముకు వెళ్తున్న చిన్నమ్మాయికి

చిన్నమ్మాయీ,

నువ్వు ఫోను పెట్టేసిన దగ్గర్నుంచీ నీ మాటే చెవిలో తిరుగుతోంది. "పెద్దమ్మా, పరిశుద్ధ దేశం చూసొచ్చాక మా పెద్దాడు మళ్ళీ చర్చికి వస్తాడంటావా?" అన్నావు. అప్పటికప్పుడు ఏం చెప్పాలో తోచలేదు. పాస్‌పోర్టులు, బట్టలు, డబ్బుల సంగతి ఎవరైనా చెబుతారు. ఈ ప్రశ్నకి మాత్రం నేనే జవాబు రాయాలి. 2019 ఫిబ్రవరిలో సరిగ్గా ఇదే ఆశతో నేను మీ పెదనాన్ననీ, నీ తమ్ముణ్ణీ, అదే నా కొడుకునీ, వెంటబెట్టుకుని వెళ్ళాను.

తమ్ముడికి అప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. చర్చి మానేసి నాలుగేళ్ళయింది. బాప్తిస్మం తీసుకోలేదు. యేసు బాప్తిస్మం తీసుకున్న యొర్దాను నదిలో వాణ్ణి దించితే అన్నీ సర్దుకుంటాయని నా నమ్మకం. మా గుంపులో చాలామంది తెల్ల అంగీలు వేసుకుని వరసలో నిలబడ్డారు. వాడు గట్టు మీదే ఉండిపోయాడు. బతిమాలాను. తర్వాత అందరి ముందూ ఏడ్చాను. "నీ కోసం మునగగలనమ్మా. దేవుడి కోసం మునిగానని చెప్పలేను" అన్నాడు. ఆ రోజంతా మా ముగ్గురి మధ్యా మాటల్లేవు. బస్సు యెరికో మీదుగా వెళ్ళింది కానీ ఆ ఊరు ఎలా ఉందంటే ఈనాటికీ చెప్పలేను.

ఒంగోలులో పుట్టి పెరిగినదాన్ని, నేను చెయ్యకూడని తప్పు అది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఆ అంకె అందరూ చెబుతారు, దానికి ముందు జరిగింది ఎవరూ చెప్పరు. అప్పుడు దక్షిణాదంతా కరువు. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో వేలమందికి కూలి పని చూపించారు. బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్ళని మాత్రం ఆగమన్నారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో, ఏడాదికి పైగా, ఎవరినీ నీళ్ళలోకి దించలేదు. ఊరూపేరూ తెలియనివాళ్ళ మనసు గురించి ఆయన అంత ఆలోచించారు. నేను కన్నకొడుకు దగ్గర అంత ఓపిక పట్టలేకపోయాను.

అందుకని పెద్దాడి మీద నీకున్న ఆశ వాడికి బరువు కానీయకు. అమ్మకీ ముందే గట్టిగా చెప్పు, నా చెల్లెలు కదా, దాని సంగతి నాకు తెలుసు. నదిలో దిగుతావా అని ఒక్కసారి అడగండి. వద్దంటే వదిలేసి, ఫోటోలు తీసే పని వాడికి ఇవ్వండి. నువ్వూ అల్లుడు గారూ ఎప్పుడో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు. మోకాళ్ళ లోతు దిగి ప్రార్థన చేసుకుంటే చాలు, మళ్ళీ మునగక్కర్లేదు.

ఇంకో సంగతికి కూడా పిల్లల్ని సిద్ధం చెయ్యి. అక్కడ చాలా చోట్లు మనం అనుకున్నదాని కన్నా చిన్నవి. గలిలయ సముద్రం అంటే చిన్నప్పటి నుంచీ నా కళ్ళ ముందు కొత్తపట్నం సముద్రమే. తీరా చూస్తే అది మంచినీళ్ళ సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. అవతలి ఒడ్డు కనబడుతూనే ఉంటుంది. యొర్దాను అంటే కృష్ణానది అంత ఊహించుకున్నాను. మేం దిగిన రేవు దగ్గర మన పంటకాలువంతే ఉంది. ఇటు గట్టున మేము, అటు గట్టున జోర్డాన్ దేశంలో నిలబడి పాటలు పాడుకుంటున్న ఇంకో గుంపు. వాళ్ళ మొహాలు కూడా తెలుస్తున్నాయి. యెరూషలేము నుంచి బేత్లెహేము పది కిలోమీటర్లు కూడా ఉండదు.

మొదట నాకు ఏదో పోగొట్టుకున్నట్టే అయింది. ఇంతేనా అనిపించింది. రెండు రోజులకి ఆ చిన్నతనమే నన్ను పట్టుకుంది. పడవలో నిలబడి గాలి మొదలైతే ఎంతసేపట్లో ఒడ్డు చేరగలమో లెక్కేసుకున్నాను. ఆ నీళ్ళు సముద్ర మట్టానికి 200 మీటర్ల కన్నా కిందే ఉంటాయి, చుట్టూ కొండలు. గాలి ఉన్నట్టుండి దిగుతుందట. యెరూషలేము నుంచి యెరికో వెళ్ళే దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషిని ఒక సమరయుడు కాపాడిన కథ యేసు చెప్పాడు కదా. ఆ దారి ఒంగోలు నుంచి చీమకుర్తి కన్నా కాస్త ఎక్కువ దూరం, అంతే. కానీ ఆ కాస్త దూరంలోనే వెయ్యి మీటర్ల కిందికి దిగిపోతుంది. చెట్టన్నది లేదు. గాయపడినవాణ్ణి గాడిద మీద ఎక్కించుకుని అక్కడ నడవడమంటే ఏమిటో చూస్తేగానీ నాకు అర్థం కాలేదు. వెళ్ళేముందు మీరంతా కూర్చుని ఒక సువార్త చదవండి. ఒక్కటి చాలు, లూకా అయితే మంచిది.

యెరూషలేములో పరిశుద్ధ సమాధి చర్చి గురించి ముందే హెచ్చరిస్తున్నాను. సండే స్కూలు బొమ్మలో పచ్చటి కొండ, మూడు సిలువలు చూసి పెరిగాం మనం. అక్కడ యేసుని సిలువ వేసిన గొల్గొతా ఒక చర్చి కప్పు కిందే ఉంది. గుమ్మం దాటగానే కుడి పక్క ఇరుకైన మెట్లు, ఎక్కితే దీపాలు, ధూపం, తోపులాట. బలిపీఠం కింద ఒక రంధ్రంలో చెయ్యి పెట్టి బండని తాకాలి. నేను గంటకు పైగా వరసలో నిలబడి తాకాను. ఏమీ అనిపించలేదు. కాళ్ళు లాగుతున్నాయి, వెనకావిడ నెట్టేస్తోంది, నా మనసు ఎండిపోయి ఉంది. పక్కన ఒక ముసలామె నేల మీద పడి ఏడుస్తుంటే నాకు భయం కూడా వేసింది, నాలో లోపమేమిటా అని. నీకూ అలా జరగొచ్చు తల్లీ. కంగారు పడకు. ఏడుపు రాకపోతే విశ్వాసం లేనట్టు కాదు. ఆ సంగతి బస్సులో సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు గుర్తుపెట్టుకో. లేనిది కల్పించి చెప్పకు. పిల్లలు వింటుంటారు.

వీలైతే తెల్లవారుజామునే ఇంకోసారి వెళ్ళు. గుంపులు రాకముందు అక్కడ వేరే లోకం. ఆరు సంఘాలవాళ్ళు ఆ చర్చిని పంచుకున్నారు, గ్రీకులు, రోమన్ కాథలిక్కులు, ఆర్మేనియన్లు, కోప్టులు, సిరియన్లు, ఇథియోపియన్లు. తాళం చెవి మాత్రం తరతరాలుగా ముస్లిం కుటుంబాల దగ్గర ఉంది. చిన్నదానికి ఈ కథ చెప్పు, నచ్చుతుంది.

"ఇది నిజంగా ఆ చోటేనా?" అని పెద్దాడు తప్పకుండా అడుగుతాడు. గదమాయించకు. తెలిసింది తెలిసినట్టు చెప్పు. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించినప్పటి నుంచీ ఆ చోటుని మొక్కుతున్నారు. పాత నగరం గోడ బయట తోట సమాధి అని ఇంకొకటి ఉంది, 19వ శతాబ్దం నుంచి చాలామంది ప్రొటెస్టెంట్లు యేసు సమాధి అదేనంటున్నారు. మన పాస్టర్లు ఎక్కువగా అక్కడే ప్రభు బల్ల ఇస్తారు, ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి. యేసు పట్టుబడక ముందు ప్రార్థన చేసిన గెత్సేమనే తోటలో కొన్ని ఒలీవ చెట్లని పరీక్షిస్తే వాటి కాండాలకి సుమారు 900 ఏళ్ళని తేలింది. ఇవన్నీ వింటే నమ్మకం పోతుందేమోనని నేను తమ్ముడి నోరు మూయించాను. వాడు అడుగుతున్నాడంటే వాడికి పట్టింపు ఉందనేగా అర్థం! ఆ మాట నాకు తట్టడానికి ఏడాది పట్టింది.

నాకు కన్నీళ్ళు వచ్చిన చోటు ఏ పట్టికలోనూ పెద్దగా రాయరు. యెరూషలేములోనే బేతెస్ద కోనేరు పక్కన సెయింట్ ఆన్ చర్చి ఉంది, యూరప్ నుంచి దండెత్తి వచ్చిన క్రూసేడర్ల కాలంలో 12వ శతాబ్దంలో కట్టింది. లోపల రాతి గోడలు తప్ప అలంకారాలు పెద్దగా లేవు. పది మంది పాడితే వంద మంది పాడినట్టు మోగుతుంది. మేము ఒక పాత తెలుగు కీర్తన ఎత్తుకున్నాం. చివరి మాట మేం ఆపాక కూడా పైన కాసేపు నిలిచింది. తమ్ముడు కూడా గొంతు కలిపాడు, చరణాలన్నీ వాడికి ఇంకా నోటికి వచ్చు. నేను వాడి వైపు తిరిగి చూడలేదు. ఆ ఒక్కటీ తెలివైన పని చేశాను.

బేత్లెహేములో తొందరపడకండి. యేసు పుట్టిన చోట కట్టిన చర్చిలోకి నాలుగడుగుల ఎత్తున్న గుమ్మంలోంచి వంగి వెళ్ళాలి, అమ్మ మోకాళ్ళకి ముందే కట్టు వేయించు. దారిలో చెక్‌పోస్టు, పెద్ద కాంక్రీటు గోడ వస్తాయి. పిల్లలు అడిగితే అవి ఎందుకున్నాయో నీకు తెలిసినంత చెప్పు, కళ్ళు తిప్పుకోవద్దు. ఒలీవ చెక్క బొమ్మలు అక్కడి క్రైస్తవ కుటుంబాల దగ్గరే కొనండి. మాకు బొమ్మలమ్మిన పెద్దాయన మా కోసం అరబీలో ప్రార్థన చేశాడు. "అల్లా" అన్న మాట వినబడగానే నేను ఉలిక్కిపడి కళ్ళు తెరిచాను. అక్కడి క్రైస్తవులు తండ్రియైన దేవుణ్ణి తరతరాలుగా పిలిచే మాటే అదని మా గైడు చెప్పాడు. ఆ మధ్యాహ్నం నేను నేర్చుకున్నది ఎన్నో ప్రసంగాల్లో వినలేదు.

ఇక మిగతావి. మా ఏజెంటు పది రోజుల్లో మూడు దేశాలు తిప్పాడు, సగం యాత్ర బస్సులో నిద్రే. నువ్వు చోట్లు తగ్గించి రాత్రులు పెంచమని అడుగు. గలిలయలో కనీసం రెండు రాత్రులు ఉండండి. పడవవాళ్ళు మన జెండా ఎగరేసి జనగణమన పెడతారు, బాగుంటుంది, కానీ తర్వాత ఇంజను ఆపి అయిదు నిమిషాలు ఊరుకోమని అడగండి. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా యూదులకి విశ్రాంతి దినం, దుకాణాలు మూసేస్తారు, చిన్నదానికి తినడానికి ముందే కొనిపెట్టుకో. మృత సముద్రంలో దాని కళ్ళలో నీళ్ళు పడనివ్వకు. అన్నిటికన్నా ముందు, అక్కడి యుద్ధ పరిస్థితి చూసుకో. మన విదేశాంగ శాఖ వెళ్ళొద్దంటే డబ్బు పోయినా ఆగిపో. టికెట్టు రద్దయితే ఎంత తిరిగిస్తారో ఏజెంటు దగ్గర రాయించుకో.

తమ్ముడి సంగతి చెప్పలేదు కదూ. 2020లో లాక్‌డౌన్ వల్ల శుభ శుక్రవారం చర్చి లేదు. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలు ఇంట్లోనే చదువుకుందామన్నారు మీ పెదనాన్న. ఉన్నది ముగ్గురం, వాడు కూడా రెండు చదవాల్సి వచ్చింది. చదువుతూ మధ్యలో ఆగాడు. "ఆ మెట్లు గుర్తున్నాయా అమ్మా? ఎంత ఇరుకో. ఇప్పుడు ఆ చర్చి కూడా మూసేశారంట" అన్నాడు. మిగతాది చదివి లేచి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఈస్టర్‌కి వస్తాడు, మామూలు ఆదివారాలు రాడు. అప్పుడప్పుడు నా బైబిలు వాడి బల్ల మీద కనబడుతుంది. ఎందుకు తీశావని నేను అడగను.

చర్చిలో అందరూ యొర్దాను నీళ్ళు తెమ్మంటారు. చిన్న సీసాలు కొని చెకిన్ సామాన్లో పెట్టు. నాకు వద్దులే. గలిలయలో ఒక రోజు పొద్దున్నే పెద్దాణ్ణి ఒడ్డుకి తీసుకెళ్ళు, వాడొస్తే. పక్కన కూర్చో. వాడే మాట్లాడేదాకా ఏమీ అనకు.

మీ పెద్దమ్మ