ధనవంతుల మీద ఆదాయపు పన్ను రేటు పెంచాలా? హన్మకొండ నుంచి ఒక జవాబు

ప్రశ్న అడిగినవారు తమ జీతం ఏడాదికి 18 లక్షలని రాశారు. "ఇప్పటికే మూడో వంతు పన్నుకే పోతోంది. ధనవంతుల రేటు ఇంకా పెంచాలనడం కష్టపడేవాళ్లను శిక్షించడం కాదా?" అన్నది వారి ప్రశ్న.

కాదు. ఎక్కువ సంపాదించేవారు ఎక్కువ రేటు కట్టాలి. అయితే రేటు మీద మనం పడే పోట్లాటలో సగం వృథా. ఏ డబ్బును ఆదాయమని లెక్కిస్తున్నారు, దేన్ని వదిలేస్తున్నారు అన్నది తేలకుండా రేటు ఎంత పెంచినా ఆ భారం మీలాంటి జీతగాళ్ల మీదే పడుతుంది. హన్మకొండలో ట్యాక్స్ కన్సల్టెంటుగా చాలా ఏళ్లుగా రిటర్నులు వేస్తూ చూసిన సంగతులతో ఈ మాట చెబుతున్నాను. (నేను చార్టర్డ్ అకౌంటెంటును కాను. అయినా వచ్చినవాళ్లంతా "ఆడిటర్ సారూ" అనే పిలుస్తారు, దిద్దడం మానేశాను.)

ముందు మీ లెక్క చూద్దాం. 18 లక్షల జీతంలో స్టాండర్డ్ డిడక్షన్ (ప్రతి జీతగాడికీ లెక్క అడగకుండా ఇచ్చే తగ్గింపు) 75 వేలు తీసేస్తే 17.25 లక్షలు. 2025-26కి కొత్త విధానంలో మొదటి 4 లక్షల మీద ఏమీ లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకు 5, 10, 15 శాతం, 16 లక్షలు దాటిన భాగానికి 20 శాతం. మొత్తం 1,45,000. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 1,50,800 రూపాయలు. మీ ఒక నెల జీతం అంత. జీతంలో ఎనిమిది శాతం పైచిలుకు, మూడో వంతు కాదు. 30 శాతం స్లాబు 24 లక్షలు దాటాక మొదలవుతుంది, అదీ దాటిన భాగానికే.

ఈ అపోహ మీ ఒక్కరిదే కాదు. ఫిబ్రవరి జీతం బిల్లులప్పుడు నా దగ్గరికి ఉపాధ్యాయులు గుంపులుగా వస్తారు. "సార్, డీఏ బకాయిలు ఇప్పుడు పడితే పై స్లాబులోకి పోతాం, మొత్తం జీతం మీద కోత పడుతుంది" అని దిగులు పడతారు. మొత్తం మీద పడదు, పెరిగిన ముక్క మీదే పడుతుంది. పాత ఏళ్ల బకాయిలైతే, 2025-26 దాకా వర్తించే 1961 చట్టంలో 89వ సెక్షన్ కింద ఊరట కూడా ఉంది, దానికి 10ఈ ఫారం నింపాలి. ఇంత చెప్పినా మరుసటి ఫిబ్రవరిలో మళ్లీ అదే ప్రశ్న.

ఇక ధనవంతుల సంగతి. కోటి రూపాయలు నాలుగు దారుల్లో వచ్చాయనుకోండి.

మొదటి మనిషి జీతం ఏడాదికి కోటి. అతను కట్టేది సర్‌చార్జి (పెద్ద ఆదాయాలకు పన్ను మీద మళ్లీ వేసే శాతం), సెస్సు కలిపి దాదాపు 29 లక్షలు. రెండో మనిషికి ఏడాదికి పైగా దాచుకున్న షేర్లు అమ్మితే కోటి లాభం వచ్చింది. అతను కట్టేది 14 లక్షలకు అటూ ఇటూ. ఎందుకంటే 2024 జూలై 23 నుంచి ఆ లాభం మీద రేటు 12.5 శాతం, అది పది లక్షల లాభానికీ పది కోట్ల లాభానికీ ఒకటే. మూడో మనిషి పట్టణంలో ప్లాటు అమ్మి కోటి లాభం పొందాడు. అమ్మిన సొమ్మంతా గడువులోపల ఇల్లు కొనడానికో కట్టడానికో పెట్టి, అదే 1961 చట్టంలోని 54ఎఫ్ సెక్షన్ షరతులు పాటిస్తే కట్టేది సున్నా కావచ్చు. నాలుగో మనిషి పల్లెలో వ్యవసాయ భూమి అమ్మి కోటి మిగుల్చుకున్నాడు. చట్టం దృష్టిలో అది మూలధన ఆస్తే (అమ్మితే లాభం మీద పన్ను పడే ఆస్తే) కాదు. కాబట్టి సున్నా, ఇల్లు కొనాలన్న షరతు కూడా లేదు.

ఈ నలుగురిలో మొదటివాడి రేటు పెంచాలా వద్దా అన్నదే టీవీల్లో చర్చ. మిగిలిన ముగ్గురి ఊసు రాదు.

నాలుగోవాడి గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా వైపు డబ్బంతా అక్కడే ఉంది. మునిసిపల్ హద్దు నుంచి ఎంత దూరంలో ఉంటే పల్లె భూమి అనే లెక్క జనాభాను బట్టి ఉంటుంది. పది వేలు దాటి లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షల వరకు 6, ఆపైన 8. వరంగల్ ఆరు కిలోమీటర్ల వర్గంలో ఉంది. ఆ దూరం రోడ్డు మీద కొలిచేది కాదు, నేరుగా గీత గీసి కొలవాలి. అందుకే భూమి అమ్మినవారు నా దగ్గరికి వచ్చేటప్పుడు పాసుపుస్తకంతో పాటు తహసీల్దారు ఇచ్చిన దూరం సర్టిఫికెట్టు కూడా పట్టుకొస్తారు. ఆరున్నర కిలోమీటర్లని ఉంటే ముఖం వెలిగిపోతుంది. అయిదున్నర అని ఉంటే "ఇంకోసారి కొలిపించవచ్చా సార్?" అని అడుగుతారు.

రెండెకరాల రైతు కూతురి పెళ్లికో అప్పు తీర్చడానికో భూమి అమ్ముకుంటే పన్ను వద్దనడం సబబే. నాకు పేచీ లేదు. కానీ ఔటర్ రింగు రోడ్డు గీత మ్యాపులో కనిపించగానే, మామునూరు విమానాశ్రయం మాట వినిపించగానే భూములు కొనేవారు రైతులు కారు. రైతుకు బయానా ఇచ్చి, పది ఎకరాలు తన పేరిట, పది భార్య పేరిట, ఇంకో పది బామ్మర్ది పేరిట రాయించుకుని, నాలుగు మామిడి మొక్కలు నాటి, మూడేళ్లు ఆగుతారు. నాలా కింద, అంటే వ్యవసాయేతర భూమిగా మార్చి ప్లాట్లు చేసి అమ్మితే పన్ను పడుతుంది కనుక ఆ పని తాము చేయరు. ఎకరాల లెక్కనే వెంచర్ వేసేవాళ్లకు అమ్మేసి పక్కకు తప్పుకుంటారు. ఇలాంటి కొనుగోళ్లు, అమ్మకాలు వరుసగా జరిగితే అది వ్యాపారమేనని అధికారి పన్ను వేయవచ్చు, చట్టంలో ఆ వీలుంది. పేర్లు మారుతూ, ఏళ్లు గడుస్తూ పోతే దాన్ని పట్టుకోవడం మాత్రం తేలిక కాదు.

ఆ మనిషి రిటర్నులో కనిపించే ఆదాయం ఎంతో తెలుసా? కొన్నిసార్లు మీ జీతం కంటే తక్కువ. కారు మాత్రం మీ అయిదేళ్ల జీతం.

వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను వేయడానికి వీల్లేదు. రాజ్యాంగమే ఆ అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. పెద్ద కమతాల మీద పన్ను వేయాలని 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ సిఫార్సు చేసింది. అది కాగితాల్లోనే ఉండిపోయింది. ఈ మాట ఎత్తితే ఎనుమాముల మార్కెట్లో పత్తి బస్తాల పక్కన తెల్లవారుజాము నుంచి పడిగాపులు కాసే రైతు మొహమే అందరికీ గుర్తొస్తుంది. అతని మీద పన్ను వేయమని ఎవరూ అనడం లేదు. అతనికి లెక్క కట్టినా పన్ను పడేంత ఆదాయం ఉండదు. ఇప్పుడు కొత్త విధానంలో రిబేటు (లెక్క కట్టిన పన్నును మాఫీ చేయడం) వల్ల జీతగాడికి 12.75 లక్షల దాకా పన్ను లేదు కదా, అంతకు రెండింతల పరిమితి పెట్టినా మా జిల్లాలో నిజమైన రైతు ఎవరూ దానిలో పడరు. దొరికేది వ్యాపారంలో వచ్చిన డబ్బును "పసుపు పండింది, మిర్చి పండింది" అని రాసి తెల్లగా మార్చుకునేవారే. అలా రాయమని అడిగినవాళ్లను నేను వేరే ఆఫీసు చూసుకొమ్మన్నాను. వాళ్లకు వేరే ఆఫీసు దొరికిందనడంలో సందేహం లేదు.

"పన్ను కట్టేది మేమే, మిగతా దేశమంతా ఊరికే తింటోంది" అనే మాట కూడా ఈ ప్రశ్న కింద చాలామంది రాశారు. అది తప్పు. అదే మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ బండిలో పోయించుకునే పెట్రోలు మీద రాష్ట్రానికి 35.2 శాతం వ్యాట్ కడుతున్నాడు. కోటీశ్వరుడి కారుకూ అదే శాతం. సబ్బు మీద జీఎస్టీ ఇద్దరికీ ఒకటే. వృత్తి పన్ను అయితే మరీ విచిత్రం. తెలంగాణలో నెలకు 20 వేలు దాటిన ప్రతి జీతం మీద నెలకు 200 రూపాయలు. 21 వేల జీతం ఉన్న నర్సూ అదే 200 కడుతుంది, అదే ఆస్పత్రిలో నెలకు అయిదు లక్షల జీతం తీసుకునే డాక్టరూ అదే 200 కడతాడు. రాష్ట్రం పెంచాలన్నా పెద్దగా పెంచడానికి వీల్లేదు, ఏడాదికి 2,500 మించకూడదని రాజ్యాంగంలోని 276వ అధికరణ గిరి గీసింది. ఆదాయపు పన్ను ఒక్కటే మనిషి స్తోమతను చూసి వసూలు చేసేది. దాన్నీ అందరికీ ఒకే రేటు చేస్తే ఇక మిగిలేదేమిటి?

అలాగని రేటును ఆకాశానికి ఎత్తాలని కూడా నేను అనను. 1973-74లో పై స్లాబు 85 శాతం, సర్‌చార్జితో కలిపి 97.75 శాతం. పై స్లాబులో వంద సంపాదిస్తే చేతికి రెండు రూపాయల పావలా. నాకు పని నేర్పిన పెద్దాయన ఆ రోజుల్లో గుమాస్తాగా ఉండేవారు. "ఆ రేటు కట్టినవాణ్ని నేను చూడలేదు, రెండు ఖాతా పుస్తకాలు లేని దుకాణాన్నీ చూడలేదు" అనేవారు. ప్రత్యక్ష పన్నుల మీద వేసిన వాంఛూ కమిటీ సలహాతో 1974లో దాన్ని 77కి తగ్గించారు. 1985లో వి.పి. సింగ్ 50కి, 1992లో మన్మోహన్ సింగ్ 40కి, 1997లో చిదంబరం 30కి తెచ్చారు. వసూలు చేసేది కట్టేవాడికి అందుబాటులో ఉండాలన్న తెలివి మన ఓరుగల్లు రాజులకే ఉంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాత రాజులు మొత్తం లాగేసుకునేవారట. గణపతిదేవుడు 1244 నాటి మోటుపల్లి శాసనంలో ఆ పద్ధతి మానేసి, ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం చాలన్నాడు.

అయితే 30 దగ్గరే ఆగిపోవాలని ఏ శాసనమూ లేదు. 2019లో అయిదు కోట్లు దాటిన ఆదాయం మీద 37 శాతం సర్‌చార్జి వేసినప్పుడు మొత్తం రేటు 42.74 అయింది. 2023లో కొత్త విధానంలో ఆ సర్‌చార్జిని 25కి కోసి 39కి దించారు. ఆ తగ్గింపు అవసరం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ ఆదాయం ఉన్నవారు మా ఆఫీసు మెట్లెక్కరు, అది వేరే విషయం. నా చేతిలో ఉంటే దాన్ని తిరిగి పెడతాను. అంతకంటే ముందు, ఏడాదిలో యాభై లక్షలు దాటిన షేర్ల లాభాన్నీ భూముల లాభాన్నీ జీతంతో సమానంగా స్లాబుల్లోకి తెస్తాను. ధరల పెరుగుదలకు తగ్గ మినహాయింపు ఇచ్చి మరీ. పల్లె భూమికి కిలోమీటర్ల లెక్క తీసేసి, అమ్మిన విస్తీర్ణాన్నీ లాభాన్నీ బట్టి మినహాయింపు పెడతాను. రెండెకరాలవాడు బయటే ఉంటాడు, ముప్పై ఎకరాలవాడు లోపలికి వస్తాడు.

"ధనవంతులు దుబాయ్ వెళ్లిపోతారు" అంటారా, కొందరు వెళ్తారు. హన్మకొండ పక్కనున్న ధర్మసాగర్ భూమిని మాత్రం వెంట తీసుకుపోలేరు.

"ప్రభుత్వం డబ్బు దుబారా చేస్తుంది, ఎందుకు కట్టాలి?" అన్నదానికి నా దగ్గర పెద్ద జవాబు లేదు. దుబారా నిజమే. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆస్పత్రి వరండాలో ఒక రాత్రి గడిపితే ఇంకా ఎంత డబ్బు కావాలో కూడా తెలుస్తుంది.

చివరగా, రేటు పెంచితే ఇంకా దాస్తారు కదా అని కొందరు అడిగారు. బ్యాంకు ద్వారా జరిగేది దాచడం ఇప్పుడు కష్టం. 2021 నుంచి ఆదాయపు పన్ను శాఖ చూపించే ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) అనే పత్రంలో వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకం, 30 లక్షలు, ఆపైన విలువైన రిజిస్ట్రేషన్ అన్నీ కనిపిస్తున్నాయి. దాన్ని తెరిచి చూపిస్తే "ఇది కూడా వాళ్లకు తెలుసా?" అని వచ్చినవారు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. కానీ ఆ పత్రానికి తెలిసేది కాగితం మీది విలువే. ఎకరం కోటికి అమ్మి ప్రభుత్వ విలువ ఇరవై లక్షలకు రిజిస్టరు చేస్తే, మిగతా ఎనభై లక్షలు ఏ పోర్టల్‌కూ కనిపించవు. తెలంగాణలో ఈ విలువలను 2021 జూలైలో, 2022 ఫిబ్రవరిలో సవరించారు. మా చుట్టుపక్కల అసలు ధరకూ దానికీ మధ్య దూరం మాత్రం అలాగే ఉంది. దాన్ని తగ్గించడానికి పార్లమెంటు దాకా పోనక్కరలేదు, రాష్ట్ర రిజిస్ట్రేషన్ల శాఖ ఉత్తర్వు చాలు. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవారిని మీరు ఆదాయపు పన్ను రేటు గురించి కాకుండా దీని గురించి అడగండి.