అబ్బాయికి 26, నాకు 52

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. చత్వారం వచ్చింది, మోకాళ్లు నొప్పులు, రాత్రి మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. ఇక నిద్ర పట్టక ఫోన్లో మా అబ్బాయి కోసం ఉద్యోగ ప్రకటనలు వెతుకుతూ కూర్చుంటాను. వాడికి 26. ఉద్యోగం పోయి ఏడు నెలలైంది, ఇంట్లోనే ఉంటున్నాడు. పొద్దున లేపడం దగ్గర్నుంచి దరఖాస్తులు నింపడం దాకా అన్నీ నేనే చేస్తున్నాను. వాడి క్రెడిట్ కార్డు బాకీ మావారికి తెలీకుండా రెండుసార్లు కట్టాను. అమ్మాయికి 23, వేరే ఊళ్లో ఉద్యోగం. రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తాను. ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తుంది. చిన్నప్పుడు మార్కుల కోసం దాన్ని బాగా తిట్టాను, ఒకటి రెండుసార్లు కొట్టాను కూడా. అదంతా మనసులో పెట్టుకుందేమో. నేను మంచి తల్లిని కాలేకపోయానా? వీళ్లిద్దరికీ నా అవసరం తీరిపోతే ఇక నేనేమిటి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బెంగలు కలగలిసిపోయాయి. ఒకటి పిల్లల గురించి, రెండోది వయసు గురించి. రెండోది పెరిగినప్పుడల్లా మీరు మొదటిదాన్ని పట్టుకుంటున్నారు. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు అబ్బాయి కోసం ఏదో వెతుకుతుంటే ఆ కాసేపూ గుండె దడ తగ్గుతుంది. తెల్లారేసరికి అదే వెతుకులాట తన మీద ఒత్తిడిగా మారుతుంది. అందుకే ఈ రెంటినీ విడదీసి చూద్దాం.

ముందు ఒంటి సంగతి. ఇది వయసు, చేసేదేముంది అని వదిలేయకండి. ఇందులో చాలా భాగానికి వైద్యం ఉంది. ఎక్కువమందికి 45 నుంచి 55 ఏళ్ల మధ్య నెలసరి ఆగుతుంది. వరుసగా 12 నెలలు రాకపోతే మెనోపాజ్ అంటారు. దానికి ముందూ వెనకా కొన్నేళ్లపాటు నిద్ర మధ్యలో తెగిపోవడం, ఉన్నట్టుండి ఒళ్లు వేడెక్కి చెమటలు పట్టడం, చిరాకు, ఊరికే ఏడుపు రావడం సాధారణం. గైనకాలజిస్టును కలిసి ఇవన్నీ చెప్పండి. హార్మోన్ చికిత్స ఉంది, హార్మోన్లు లేని మందులూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటివి మీకు గతంలో ఉన్నాయా అన్నది చూసి ఏది సరిపోతుందో డాక్టరే తేలుస్తారు. థైరాయిడ్ కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష, వాటితోపాటు బీపీ, షుగర్ చేయించుకోండి. ఇంకొక్క మాట. నెలసరి ఆగి ఏడాది దాటాక మళ్లీ కొద్దిగా రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి.

మెలకువ వచ్చి 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకండి. లేచి, వెలుతురు తక్కువగా ఉన్నచోట కూర్చుని, బుర్రకు పని పెట్టనిది ఏదైనా చదవండి. కళ్లు మూతలు పడుతున్నప్పుడే మళ్లీ పడుకోండి. ఎన్నింటికి పడుకున్నా పొద్దున లేచే వేళ మార్చకూడదు. ఫోన్ పక్క గదిలో ఉండాలి. ఈ ఒక్కటీ చేస్తే మూడింటి ఉద్యోగ వేట దానంతటదే ఆగుతుంది. వారంలో మూడు రాత్రుల చొప్పున మూడు నెలలకు మించి ఇలాగే ఉంటే డాక్టర్‌తో నిద్ర మాత్రల కంటే ముందు, నిద్రలేమి కోసమే ఉన్న కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (నిద్రను చెడగొట్టే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే, మందులు లేని చికిత్స) గురించి అడగండి.

మోకాళ్లకు బలం తొడ కండరాలే. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. కాస్త ఆగి మరో పది. నొప్పి పెరిగితే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా నడక, రెండు రోజులైనా కండరాలకు పని అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లందరికీ చెప్పిన లెక్క. నెలసరి ఆగిన తర్వాతి కొన్నేళ్లలో ఎముకలు త్వరగా పలచబడతాయి కాబట్టి ఇది మీకు మరీ అవసరం.

ఇక అబ్బాయి. మీ ఇంట్లో పొద్దున ఎలా ఉంటుందో ఒకసారి నెమ్మదిగా గుర్తు చేసుకోండి. ఏడున్నరకు తలుపు దగ్గర నిలబడి పిలుస్తారు. "ఆ, లేస్తున్నా" అంటాడు. పది నిమిషాలాగి మళ్లీ పిలుస్తారు. ఈసారి కర్టెన్ లాగుతారు, ఫ్యాన్ ఆపుతారు. నాలుగో పిలుపుకి మీ గొంతు లేస్తుంది, తన గొంతూ లేస్తుంది. ఎనిమిదిన్నరకు లేచేసరికి ఇద్దరికీ ఆ రోజు పాడైపోతుంది. తనలో అలారం మోగాల్సిన చోట మీరు మోగుతున్నారు. తనకు బద్ధకమా, దిగులా, భయమా అన్నది తేలే అవకాశం కూడా లేకుండా పోతోంది, ఎందుకంటే మీరు ఆపితే ఏమవుతుందో ఇంతవరకూ ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

అన్నీ ఒక్కసారే వదిలేయకండి. అలా వదిలేస్తే తనకు అది శిక్షలా అనిపిస్తుంది, మీరూ వారం తిరక్కుండానే బెదిరిపోయి మళ్లీ అన్నీ నెత్తినేసుకుంటారు. ఒక్కో పనీ అప్పగించండి. మొదటిది లేపడం. పొద్దున గొడవ మధ్యలో కాకుండా, ఒక సాయంత్రం ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు చెప్పండి. "నాన్నా, సోమవారం నుంచి నేను లేపను. నువ్వు లేవవని కాదు. 26 ఏళ్లవాణ్ని అమ్మ లేపడం బాగాలేదు. ఇంటర్వ్యూ ఉన్న రోజు కావాలంటే ముందు రాత్రి నువ్వే అడుగు, ఒక్కసారి పిలుస్తాను." అంతే. దానికి వివరణలు జోడించకండి.

మొదటి రెండు మూడు వారాలు పరిస్థితి ఇంకా దిగజారినట్టే ఉంటుంది. పదకొండింటి దాకా పడుకుంటాడు, ఏదో ఒక పని తప్పిపోతుంది, ఆ కోపం మీ మీద చూపిస్తాడు. చాలామంది తల్లులు ఇక్కడే లొంగిపోతారు. నాలుగో రోజు మీరు వెళ్లి లేపారనుకోండి, నాలుగు రోజులు ఆగితే అమ్మ వస్తుందన్నది తను నేర్చుకునే పాఠం అవుతుంది. తర్వాతిసారి ఎనిమిది రోజులు ఆగుతాడు. కాబట్టి ఆ మూడు వారాలూ ఏడు నుంచి తొమ్మిది వరకూ మీరు ఇంట్లో లేకుండా చూసుకోండి. మీ నడక ఆ వేళకే పెట్టుకోండి. తలుపు ముందు నిలబడి ఊరుకోవడం ఏ తల్లికైనా కష్టమే.

లేపడం కుదురుకున్నాక దరఖాస్తులు. ఏడు నెలలుగా ఇంటర్వ్యూలు ముందుకు సాగకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఫారంలో ఏం రాసుందో నింపిన మీకే తెలుసు. "మీరిలా రాశారు, కాస్త వివరించండి" అని అవతలివాళ్లు అడిగితే అబ్బాయి తడబడతాడు. పాస్‌వర్డులు, రెజ్యూమె, ఇప్పటిదాకా పంపిన చోట్ల జాబితా తనకు ఇచ్చేసి మీ ఫోన్లోంచి ఆ ఖాతాలు తీసేయండి. ఆ తర్వాత మీరు అడగదగ్గది వారానికి ఒక్కసారి, ముందే అనుకున్న రోజున, ఒకే ప్రశ్న. "ఈ వారం ఎన్ని పంపావు, నా నుంచి ఏమైనా కావాలా?"

డబ్బు విషయం మొదలుపెట్టే ముందు మీవారికి నిజం చెప్పాలి. ఇది వాయిదా వేయకండి. ఒకరు బిగించి ఇంకొకరు చాటుగా ఇస్తే ఏ నియమమూ నిలవదు. ఆ బాకీ మళ్లీ పెరగడానికి కారణం కూడా చూడాలి. కార్డుకు కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే మిగిలినదాని మీద వడ్డీ పడుతూనే ఉంటుంది, కొత్త కొనుగోళ్లు దానికి తోడవుతాయి. ముగ్గురూ కూర్చోండి. బాకీ ఎంత, వడ్డీ శాతం ఎంత, నెలకు ఎంత కట్టాలి అన్నది అబ్బాయి చేతే రాయించండి, మీరు రాయకండి. కార్డు వాడకం ఆపాలి. మీరిద్దరూ సాయం చేయదలిస్తే ఎంత, దేనికి, ఏ నెల వరకు అన్న మూడూ ముందే చెప్పాలి. తిరిగి ఇవ్వాలా వద్దా అన్నదీ అప్పుడే తేలాలి. తేల్చకుండా ఇచ్చిన డబ్బు తర్వాత ఎత్తిపొడుపుగా మారుతుంది. మీ వృద్ధాప్యం కోసం దాచుకున్నది కదిలించకండి. హామీ సంతకం అసలే పెట్టకండి, ఎందుకంటే తను కట్టకపోతే మొత్తం అప్పు మీ మీద పడుతుంది. సంపాదన లేనన్నాళ్లూ ఇంటికి తన వంతు పనిగా ఇవ్వనివ్వండి. "కాస్త సాయం చెయ్యి" అంటే ఏదీ జరగదు. "మంగళ, శుక్రవారాలు వంట నీది, బట్టలు నీవి నువ్వే" అంటే జరుగుతుంది.

అయితే వెనక్కి తగ్గకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం, ఇష్టమైనవేవీ పట్టకపోవడం, తిండీ నిద్రా బాగా తగ్గడం లేదా పెరగడం, స్నానం కూడా మానేయడం, మద్యం ఎక్కువవడం కనిపిస్తే అది బద్ధకం అయి ఉండకపోవచ్చు. మానసిక వైద్యుణ్ని కలవాలి, మొదటిసారి మీరు తోడు వెళ్లొచ్చు. బతకడం దండగ అన్నట్టు మాట్లాడితే "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవును అంటే ఒంటరిగా వదలకండి, ఆరోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

అమ్మాయి విషయంలో చేయాల్సింది తక్కువ, చేయకుండా ఉండాల్సింది ఎక్కువ. రోజుకు మూడు ఫోన్లంటే ప్రతిసారీ కొత్తగా చెప్పడానికి తన దగ్గర ఏమీ ఉండదు. అందుకే ఆ ముక్తసరి మాటలు. "వారంలో ఎప్పుడు మాట్లాడితే నీకు తీరిక?" అని తననే అడగండి. మధ్యలో మెసేజ్ చాలు. రాత్రిపూట ప్రయాణం చేసిన రోజు "చేరాను" అని ఒక్క మాట పెట్టమనండి, మిగతా రోజుల్లో వద్దు.

ఆ ఫోన్‌లో ఏం జరుగుతుందో కూడా చూడండి. "ఇవాళ అందరి ముందూ మేనేజర్ నన్ను ఒక మాట అన్నాడమ్మా" అంటుంది. తను ఊపిరి పీల్చుకునేలోపే మీ జవాబు వచ్చేస్తుంది. "నేను ముందే చెప్పా, ఆ ఉద్యోగం వద్దని." తర్వాత వినిపించేది "సరేలే అమ్మా, పనుంది" అన్నదే. ఈసారి మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, "సలహా కావాలా, ఊరికే వినమంటావా?" అని అడగండి. వినమంటే "అప్పుడు నీకెలా అనిపించింది?" దగ్గరే ఆగండి. మొదట్లో తనకు అనుమానంగా ఉంటుంది, అమ్మ ఎప్పుడు మొదలుపెడుతుందా అని ఎదురుచూస్తుంది. నమ్మకం కుదరడానికి నెలలు పట్టొచ్చు.

మార్కుల కోసం కొట్టిన సంగతికి క్షమాపణ చెప్పండి. చెప్పే పద్ధతి ముఖ్యం. "నీ మంచి కోసమే కానీ తప్పైతే క్షమించు" అన్నది క్షమాపణ కాదు. అందులో "కానీ" ఉంది, "అయితే" ఉంది. పైగా క్షమించే బరువు మళ్లీ అమ్మాయి మీదే పడుతుంది. ఏం చేశారో పేరు పెట్టి చెప్పాలి. "తల్లీ, ఏడో తరగతిలో లెక్కల్లో తక్కువొచ్చాయని నిన్ను కొట్టాను. ఆ రాత్రి నువ్వు అన్నం తినకుండా పడుకున్నావు. నేను చేసింది తప్పు. ఇది నీకు ఎప్పుడో చెప్పాల్సింది. నువ్వు జవాబు ఇవ్వక్కర్లేదు." మీకు నిజంగా గుర్తున్న సందర్భమే చెప్పండి. చెప్పేటప్పుడు ఏడుపు వస్తే ఆపుకోండి, లేకపోతే తను మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. తను ఊరుకోవచ్చు, కోప్పడొచ్చు, మీకు గుర్తులేనివి ఇంకో నాలుగు బయటపెట్టొచ్చు. "అలా జరగలేదు" అనకండి. వినండి. ఇది ఒకసారి చెప్పి వదిలేయాలి. ప్రతి ఫోన్‌లోనూ ఎత్తితే అదీ ఒక ఒత్తిడే.

మంచి తల్లిని కాలేకపోయానా అన్నారు. కొట్టడం తప్పే, దాన్ని కాదనను. ఆ తప్పును ఇన్నేళ్ల తర్వాత మీ అంతట మీరే ఉత్తరంలో రాశారు. కూతురితో మాట్లాడటానికి అది చాలు.

ఇక మీరేమిటి అన్న ప్రశ్న. ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. మీరున్నది ఏడోది, తర్వాతి తరానికి ఏదో అందించాలని తపించే దశ. ఎవరికైనా అవసరపడాలన్న మీ కోరిక ఆ వయసుకు సహజమే. అది కన్నబిడ్డలతోనే తీరాలని ఆయన అనలేదు. నేర్పడం, ఏదైనా తయారుచేయడం, ఎవరి బాధ్యతైనా తీసుకోవడం అన్నీ అందులోకే వస్తాయి. ఇన్నేళ్లలో చేయి తిరిగిన పని మీకు ఒకటి ఉండే ఉంటుంది. వారానికి రెండు గంటలు దాన్ని ఎవరికైనా నేర్పండి, ఏ రోజు, ఏ వేళకు అన్నది ఖాయం చేసుకుని. ఖాళీ దొరికినప్పుడు చూద్దాం అనుకుంటే ఆ ఖాళీలోకి మళ్లీ అబ్బాయి దరఖాస్తులే వచ్చి కూర్చుంటాయి. మీవారితో కూడా రోజూ ఓ అరగంట పిల్లల ప్రస్తావన లేకుండా మాట్లాడండి. మొదట మాటలు దొరకవు, ఫర్వాలేదు.

వయసు గురించి పిల్లల దగ్గర దాచకండి. ఒక కాగితం మీద మీ ఇద్దరి మందుల పేర్లు, మోతాదులు, పడని మందులు, డాక్టర్ ఫోన్ నంబరు, ఆరోగ్య బీమా పాలసీ నంబరు, బ్యాంకు ఖాతాలు ఎక్కడున్నాయి, నామినీ ఎవరు అన్నవి రాయండి. పాస్‌వర్డులు అందులో వద్దు. ఇది తయారుచేయడానికి అమ్మాయి సాయం అడగండి. సాయం నిజంగా అవసరమైన పని ఇది, కాబట్టి వంకలా ఉండదు. ఒక ప్రతి తన దగ్గర, ఒకటి అబ్బాయి దగ్గర, ఒకటి ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి. ఏటా ఒక తేదీ పెట్టుకుని సరిచూసుకోండి. మందులు, నంబర్లు మారుతూ ఉంటాయి.