థాంక్స్‌గివింగ్‌కి ఫుడ్ పాంట్రీలో వాలంటీరుగా వెళ్లేవాళ్లకి

పిల్లల్ని వెంటబెట్టుకుని థాంక్స్‌గివింగ్ (అమెరికాలో నవంబరు నాలుగో గురువారం వచ్చే పండగ) రోజున ఫుడ్ పాంట్రీలో, అంటే అవసరమున్నవాళ్లకి ఉచితంగా సరుకులు పంచే చోట, పనిచెయ్యాలని ఉంది, ఏం పట్టుకెళ్లాలి, ఏ పనులుంటాయి అని అడిగారు.

ముందు తేదీ మార్చుకోండి. ఆ గురువారం చాలా పాంట్రీలు మూసే ఉంటాయి. పండగ సరుకులు పంచడం అంతకుముందు వారాంతంలోనో, సోమ, మంగళవారాల్లోనో అయిపోతుంది. కారణం టర్కీ, ఆ పండక్కి వండే పెద్ద కోడిలాంటి పక్షి. గడ్డకట్టిన టర్కీ ఫ్రిజ్‌లో కరగడానికి ప్రతి 4-5 పౌండ్లకీ ఒక రోజు పడుతుంది. 15 పౌండ్లదైతే మూడు నాలుగు రోజులు. బుధవారం చేతిలో పెడితే గురువారానికి వంట కాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకి చన్నీళ్ల పద్ధతి చెప్పాలి: నీళ్లు లోపలికి పోని కవరులో ఉంచి ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి. పౌండుకి అరగంట లెక్కన 15 పౌండ్లకి ఏడున్నర గంటలు. కరిగిన వెంటనే వండెయ్యాలి. రాత్రంతా వంటగది గట్టు మీద వదిలేస్తే లోపల ఇంకా మంచుగడ్డే, పైన మాత్రం బాక్టీరియా పెరుగుతుంది.

మీకు దొరికే పని ఎక్కువగా సరుకులు వేరుచెయ్యడం. పిల్లలకి వయసు పరిమితి ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. వేళ్లు కనిపించే చెప్పులతో వస్తే లోపలికి రానివ్వరు, బూట్లు వేసుకోండి.

డబ్బాలు చూసేటప్పుడు తేదీ కన్నా ముందు రేకు చూడండి. ఉబ్బినది, కారుతున్నది, అంచు అతుకు దగ్గర సొట్టపడినది, వేలు పట్టేంత లోతు సొట్ట ఉన్నది చెత్తబుట్టలోకే. బోటులిజం (పాడైన డబ్బా తిండితో వచ్చే ప్రాణాంతక విషం) భయం అక్కడే. పక్కన చిన్న సొట్టైతే పరవాలేదు. ‘బెస్ట్ బై’ నాణ్యతకి సంబంధించిన తేదీ, విషమయ్యే తేదీ కాదు. పాంట్రీ గోడకి అంటించిన పట్టికలో ఏది ఎన్నాళ్లు దాటినా ఇవ్వొచ్చో ఉంటుంది, దాన్నే పాటించండి. పసిపిల్లల ఫార్ములా పాలపొడి మాత్రం తేదీ దాటితే ఇవ్వకూడదు, ఇందులో వాదన లేదు.

సర్దడం తేలికనుకుంటారు గానీ ఎక్కువ సరుకు పాడయ్యేది ఇక్కడే. అరటిపళ్ల అట్టపెట్టెలకి అడుగున పెద్ద కన్నం ఉంటుంది. ముందు ఒక అట్టముక్క పరవకపోతే డబ్బాలు జారిపోతాయి. బరువైనవి అడుగున, పాస్తా, సీరియల్ పైన. పెట్టె 30 పౌండ్లు దాటితే ఎత్తేవాళ్ల నడుములు పోతాయి. టర్కీని కాగితం సంచిలో పెట్టకండి, చెమ్మకి అడుగు ఊడి నేలపాలవుతుంది. దానికి విడిగా ప్లాస్టిక్ సంచి. మనిషొక్కరే ఉన్న ఇంటికి టర్కీ కన్నా కోడి మేలు, అడిగి ఇవ్వండి.

మనవాళ్లు మంచి మనసుతో తెచ్చి వెనక్కి పట్టుకెళ్లేవి కొన్ని ఉన్నాయి: ఇంట్లో పెట్టిన ఆవకాయ, పులిహోర, విప్పిన బియ్యం బస్తా. ఇంటి వంట, లేబుల్ లేనిది తీసుకోరు. అందులో వేరుశెనగ, నువ్వులు ఉన్నాయో లేదో తినేవాళ్లకి తెలియాలి కదా. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా కన్నా 2 పౌండ్ల ప్యాకెట్లు పది నయం, ఎందుకంటే బస్తా విప్పి పంచడానికి అన్నిచోట్లా వీలుండదు. కందిపప్పు ఇచ్చేముందు అక్కడికి దక్షిణాసియా కుటుంబాలు వస్తాయేమో అడగండి. శెనగలు, పీనట్ బటర్, ప్లాస్టిక్ సీసాలో చిన్న నూనె ఎక్కడైనా చెల్లుతాయి. మోటల్లోనో కారులోనో ఉండేవాళ్లకి వేలితో లాగి తెరిచే డబ్బాలు కావాలి, క్యాన్ ఓపెనర్ వాళ్ల దగ్గర ఉండదు.

పంచే బల్ల దగ్గర నిలబెడితే ఫోన్ జేబులోనే ఉంచండి. వరసలో ఉన్నవాళ్లతో పిల్లల సెల్ఫీలు వద్దు (ఇది చెప్పాల్సి రావడమే విచిత్రం, కానీ ప్రతి పండక్కీ చెప్పాల్సి వస్తుంది). ఎందుకొచ్చారు, ఏం ఉద్యోగం అని అడగడం కూడా మీ పని కాదు. నమోదు బల్ల వాళ్లు చూసుకుంటారు.

నవంబరులో స్లాట్లు దొరకకపోతే జనవరి, ఫిబ్రవరిలో రాయించుకోండి, అప్పుడు చేతులు తక్కువవుతాయి. మీ కంపెనీ మీ వాలంటీరు గంటలకి లెక్కగట్టి గానీ, మీరిచ్చిన డబ్బుకి సమానంగా గానీ పాంట్రీకి విరాళం ఇస్తుందేమో చూడండి. ఉంటే వెళ్లిన రోజే పాంట్రీ ఈఐఎన్ (సంస్థ పన్ను గుర్తింపు సంఖ్య) తీసుకుని గంటలు నమోదు చెయ్యండి. చాలా కంపెనీలకి గడువు డిసెంబరు 31తోనో, ఆ తర్వాత కొన్ని వారాలకో ముగుస్తుంది.