టెక్సాస్ వెళ్తున్నాం, పక్షుల్ని ఎక్కడ చూడాలి?

ప్రశ్న: మా అమ్మాయి వాళ్ళు హ్యూస్టన్‌లో ఉంటారు, వచ్చే ఏడాది నేనూ మావారూ మొదటిసారి వెళ్తున్నాం. ఇక్కడ ఏటా చలికాలంలో నేలపట్టు, పులికాట్ వెళ్ళి పక్షుల్ని చూడటం మాకు అలవాటు. అక్కడ ఏం చూడొచ్చు, ఏ నెలలో వెళ్తే మంచిది? మావారికి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేరు.
– ఒక పాఠకురాలు, సూళ్ళూరుపేట

జవాబు: టికెట్లు ఇంకా బుక్ చేయలేదంటే ఏప్రిల్ రెండో వారంకల్లా అక్కడుండేట్టు చూసుకోండమ్మా. టెక్సాస్ ఎంత పెద్దదంటే మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా దాంట్లో సగం కూడా రావు, ఎడారి, అడవి, సముద్రతీరం అన్నీ ఉన్నాయి, 650కి పైగా రకాల పక్షులు అక్కడ రికార్డయ్యాయి. అవన్నీ ఒక్క ట్రిప్పులో అయ్యేవి కావు కాబట్టి నేనైతే ఒక్కచోటే చెప్తా, సముద్రతీరం దగ్గరున్న హై ఐలాండ్ అనే చిన్న ఊరు. హ్యూస్టన్ నుంచి కారులో గంటన్నర.

ఏప్రిల్ ఎందుకంటే, అప్పుడే మెక్సికోలోని యుకటాన్ వైపు నుంచి చిన్న చిన్న పిట్టలు చీకటి పడగానే బయల్దేరి, రాత్రంతా సముద్రం మీద ఎక్కడా ఆగకుండా దాదాపు వెయ్యి కిలోమీటర్లు ఎగిరి, మర్నాడు మధ్యాహ్నానికి ఈ తీరం చేరతాయి. మూడు గ్రాముల హమ్మింగ్‌బర్డ్ కూడా! చుట్టూ అంతా బురద నేలే, ఈ ఊరు మాత్రం కాస్త ఎత్తు మీద ఓక్ చెట్లతో ఉంటుంది, అందుకే అక్కడ దిగుతాయి. గాలి అనుకూలంగా ఉంటే ఆగకుండా లోపలికి వెళ్ళిపోతాయి, ఉత్తరపు గాలి ఎదురు తిరిగినా వాన పడినా ఓపిక లేక మొదట కనపడ్డ చెట్టు మీదే వాలిపోతాయి. కాబట్టి రోజూ వెదర్ చూసుకోండి, మీ అమ్మాయి వాన పడుతోంది ఇవాళ వద్దమ్మా అంటే, వాన తగ్గగానే తీసుకెళ్ళమని పట్టుబట్టండి.

అలాంటి రోజు ఒక స్కార్లెట్ టానేజర్‌ని మల్బరీ చెట్టు మీద నాలుగడుగుల దూరంలో చూశాను, ఒళ్ళంతా ఎరుపు, నల్లటి రెక్కలు రెండూ కిందికి వేలాడేసి పండు తర్వాత పండు మింగుతోంది, మనుషులున్నారన్న భయం కూడా లేదు, అంత అలసట. మనకది పండగే కానీ దానికి ప్రాణం మీదికొచ్చిన రోజు, ఫొటో కోసం దగ్గరికెళ్ళి లేపకండి దయచేసి.

మోకాళ్ళ గురించి బెంగ వద్దు. హై ఐలాండ్‌లోనే బాయ్ స్కౌట్ వుడ్స్ అనే చిన్న తోపులో చిన్న నీటి మడుగు ముందు మెట్లమెట్లుగా బెంచీలు వేసి ఉంటాయి, కూర్చుంటే పిట్టలే నీళ్ళకొస్తాయి. పక్కనే స్మిత్ ఓక్స్‌లో చెరువు మధ్య దిబ్బ మీద తెల్ల కొంగలు, రోజియేట్ స్పూన్‌బిల్స్ గూళ్ళు కడతాయి. మీకు నేలపట్టులో తెడ్డుమూతి కొంగ తెలుసుగా, దాన్నే గులాబీరంగులో ఊహించుకోండి. కింద నీళ్ళలో మొసళ్ళుంటాయి, అవున్నాయి కాబట్టే రాకూన్లనే చిన్న జంతువులు ఈదొచ్చి గుడ్లు తినలేవు. గూళ్ళకి అవే కాపలా.

చిన్న ఎంట్రీ ఫీజు ఉంటుంది. 8x42 బైనాక్యులర్, దోమలకి స్ప్రే మర్చిపోకండి. పిట్ట కూత వినిపిస్తే పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఫ్రీయే.

నవంబర్ నుంచి మార్చిలోపు వెళ్ళేట్టయితే మాత్రం టెక్సాస్ తీరంలోనే ఉన్న అరాన్సాస్ అభయారణ్యానికి వెళ్ళండి, కెనడా నుంచి హూపింగ్ క్రేన్లు వస్తాయి, దాదాపు ఐదడుగుల పక్షి. 1941లో ఆ గుంపులో పదహారుకి మించి మిగల్లేదు, వేట ఆపి, చిత్తడి నేలల్ని కాపాడి ఇప్పుడు 500 దాటించారు. ఏప్రిల్లో చాలావరకు వెళ్ళిపోతాయి, అదొక్కటే లోటు.

ఇంకోటి, మీ అమ్మాయి ఇంటి వెనకాల అర్ధరాత్రి పదిరకాల పిట్టలు వరసగా కూస్తున్నట్టు వినిపిస్తే కంగారు పడకండి, అది ఒక్కటే పిట్ట, మాకింగ్‌బర్డ్, టెక్సాస్ రాష్ట్ర పక్షి.