సందేహాలు – సమాధానాలు: ‘అట’ను ఎందుకు వదిలేశాం?

సందేహం: మా కాలనీ సంఘానికి కార్యదర్శిని. వర్షాకాలం నివేదికలో ‘గెడ్డ (వాగు) పూర్తిగా పూడిపోయింది, అందుకే ఇళ్లలోకి నీరు వచ్చింది’ అని రాశాను. ఇది వాస్తవం కాదు, మీ అభిప్రాయం అని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. రెండింటినీ వేరుచేసి రాయడం ఎలా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: ‘వస్తువు’కు సంబంధించినది వాస్తవం. ‘అభిప్రాయం’లో ఉన్నది వెళ్లడమనే అర్థమిచ్చే ‘ఇ’ ధాతువు. మనసు మొగ్గిన వైపు నడిచేది అది. అయితే మీ చిక్కు ఈ రెండు మాటలతో తీరదు. మీ వాక్యంలో మూడోది కూడా ఉందేమో చూసుకోండి: విన్న మాట. గెడ్డను మీరు చూశారా, ఎవరైనా చెబితే రాశారా?

విన్నదాన్ని విన్నదిగా చెప్పడానికి మనకు ‘అట’ ఉంది. తమిళులు ‘వందానాం’ అన్నా, కన్నడిగులు ‘బందనంతె’ అన్నా మన ‘వచ్చాడట’ వంటిదే. వక్త కళ్లెదుట జరగని గతానికి సంస్కృత వ్యాకరణకర్త పాణిని ‘పరోక్షే లిట్’ అని ప్రత్యేక క్రియారూపాన్నే విధించాడు. ఇక పోతన పద్యం చూడండి:

పలికెడిది భాగవతమఁట
పలికించు విభుండు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహర మగునఁట
పలికెద వేఱొండు గాథఁ బలుకఁగ నేలా!

ధ్యానంలో రామభద్రుడు కనిపించి ఆజ్ఞాపించాడని చెప్పుకొన్న కవి ఈయన. అయినా పలికేది భాగవతమనీ, పలికించేవాడు రాముడనీ, పలికితే భవబంధం తీరుతుందనీ చెప్పేటప్పుడు మూడింటికీ ‘అట’ చేర్చాడు. నాలుగో పాదంలో ‘పలికెద’ దగ్గర మాత్రం చేర్చలేదు. తాను పూచీ పడగలిగింది ఆ ఒక్క పనికే కనుక. దీన్ని వినయమని మెచ్చుకుని వదిలేస్తారు; నాకు ఇందులో అంతకు మించి మాట మీద నిజాయతీ కనిపిస్తుంది. చివరి ‘పలుకఁగ నేలా’ ఆయన అభిప్రాయం, అది ప్రశ్నగానే ఉంది.

‘అట’ ఆశ్చర్యానికీ ఎత్తిపొడుపుకూ కూడా వస్తుంది. అందుకేనేమో నివేదికలు రాసేవారు దాన్ని దూరం పెట్టి ‘తెలుస్తోంది’, ‘భావించబడుతోంది’ అంటున్నారు. ఎవరికి తెలుస్తోంది? ఎవరు భావిస్తున్నారు? కర్తను దాచే ఈ అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. ‘వాస్తవానికి’ అని మొదలుపెట్టి సొంత ఊహ చెప్పడం ఇంకా తప్పు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిందన్నది వాస్తవం. అంతటి గాలి మళ్లీ రాదనడం అభిప్రాయం. దానికి ముందు ‘వాస్తవానికి’ తగిలించినంత మాత్రాన అది వాస్తవమైపోదు.

నివేదికలో ‘అట’ రాయమని గట్టిగా చెప్పలేను. వెటకారంగా తోస్తే ‘అని కాపలాదారు చెప్పారు’ అనండి. ‘పూర్తిగా’ బదులు పూడిక ఎన్ని అడుగులో కొలిచి వేయండి. ‘అందుకే’ అన్నది మాత్రం మీ అనుమానమే, కొట్టివేయనక్కరలేదు. ‘నీరు రావడానికి ఇదే కారణమని నేను అనుకుంటున్నాను’ అని మీ పేరు మీదే రాయండి.